ఒకే ఆకు, ఒకే పాత్ర: తేనీటి చరిత్రలో బౌద్ధ సంఘం

అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు శాసనాలను ఎంత గాలించినా తేయాకు ప్రస్తావన కానరాదు. కృష్ణాతీర విహారాలు వర్ధిల్లిన కాలంలో ఆ పానీయం మన నేలకు తెలియదు. అయినా నేడు మన విహారాలలో బుద్ధవందన ముగిసిన వెంటనే ఉపాసకుల చేతికి అందేది తేనీరే. సభలకూ సమావేశాలకూ, పెండ్లి మాటలకూ పరామర్శలకూ అది తోడుగా ఉంటుంది. ఇంతగా నిత్యజీవితంలో కలిసిపోయిన ఈ పానీయానికి బౌద్ధ సంఘంతో పన్నెండు వందల ఏండ్లకు పైబడిన సంబంధమున్నదని మనలో చాలమందికి తెలియదు. అదే పానీయం మన దేశంలో వెట్టిచాకిరికీ అంటరానితనానికీ పనిముట్టుగా మారిన తీరు మాత్రం మన పెద్దలకు అనుభవం మీద తెలుసు. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన ఉంచి పరిశీలించడం, ఆకును గుర్తించి సరిగా కాచుకొనే పద్ధతిని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆకు ఒక్కటే

తెల్ల తేయాకు, పచ్చ తేయాకు, ఊలాంగు, నల్ల తేయాకు, పుఎర్ అని పలు పేర్లతో అమ్మే సరుకంతా ఒకే జాతి మొక్క నుంచి వస్తుంది. వృక్షశాస్త్రంలో దాని పేరు కామెల్లియా సైనెన్సిస్. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. చలినీ మంచునూ తట్టుకొనే చిన్న ఆకు గల చైనా రకం ఒకటి. వానలు, ఉక్క కలిసిన నేలల్లో ఏపుగా పెరిగే పెద్ద ఆకు గల అస్సాం రకం మరొకటి. ఏ రకం నుంచైనా ఏ తేయాకునైనా తయారు చేయవచ్చు. తేడా అంతా కోసిన తరువాత ఆ ఆకుపై జరిగే పనిలో ఉన్నది.

కోసిన ఆకు గాలి తగిలి, నలిగినప్పుడు దానిలోని ఎంజైముల వలన ఆక్సీకరణం మొదలవుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడే మార్పు వంటిదే ఇది. ఆకును వెంటనే ఆవిరిలో ఉడికించి గాని, వేడి మూకుడులో వేయించి గాని ఆ మార్పును ఆపివేస్తే పచ్చ తేయాకు అవుతుంది. లేత మొగ్గలను ఏమాత్రం నలపక వాడ్చి ఆరబెడితే తెల్ల తేయాకు. అంచులు నలిగేలా కదిలించి, మార్పు సగంలో ఉండగా వేడితో ఆపితే ఊలాంగు. పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు వాడ్చి, బాగా నలిపి, మార్పు పూర్తయ్యేదాకా ఉంచి ఆరబెడితే నల్ల తేయాకు. పచ్చ తేయాకు వలె తయారుచేసిన దానిని సూక్ష్మజీవుల చర్యతో నెలల తరబడి, ఏండ్ల తరబడి మాగనిస్తే పుఎర్ వంటివి వస్తాయి. నల్ల తేయాకును పులియబెట్టిన ఆకు అని వాడుకలో అంటారు గాని అది సరికాదు. నిజంగా పులిసేది పుఎర్ జాతి ఒక్కటే.

ఒకే కొమ్మ నుంచి కోసిన ఆకు చేసిన పనిని బట్టి వేరువేరు గుణాలు పొందుతున్నది. పుట్టుకను బట్టి గాక చేసే కర్మను బట్టియే మనిషి ఉన్నతుడో నీచుడో అవుతాడని సుత్తనిపాతంలోని వసల సుత్తం బోధిస్తుంది. ఆ సుత్తం చదివినవారికి ఈ పోలిక వేరుగా చెప్పనక్కరలేదు.

భిక్షువుల పానీయం

వినయ నియమం ప్రకారం మధ్యాహ్నం దాటిన తరువాత భిక్షువు భుజింపరాదు. అయితే వడపోసిన పండ్ల పానకాలను బుద్ధుడు అనుమతించినట్లు మహావగ్గం చెబుతున్నది. ఈ వెసులుబాటు చైనా విహారాలలో తేనీటికి దారి తీసింది. ఫెంగ్ యాన్ అనే తాంగ్ యుగపు రచయిత దీనిని స్పష్టంగా నమోదు చేశాడు. కైయువాన్ శకంలో, అంటే 713–741 మధ్య, తైషాన్ కొండ ప్రాంతంలోని లింగ్‌యాన్ విహారంలో షియాంగ్‌మో అనే ఆచార్యుడు ధ్యానమార్గాన్ని బోధించేవాడు. ధ్యానంలో నిద్రపోరాదు, సాయంకాలం భుజింపరాదు. కాని తేనీరు తాగవచ్చునని ఆయన శిష్యులను అనుమతించాడు. వారు ఎక్కడికి వెళ్ళినా ఆకు వెంట తీసుకొనిపోయి కాచుకొనేవారు. వారిని చూచి జనులు అనుకరించారు. ఆ విధంగా అది దేశాచారమైనదని ఫెంగ్ యాన్ వ్రాశాడు.

దీనికి కారణం సులభంగా గ్రహించవచ్చు. ధ్యానానికి అడ్డుపడే పంచ నీవరణాలలో థీనమిద్ధం, అనగా మాంద్యమూ నిద్రమత్తూ, ఒకటి. మత్తుపదార్థాలను విడువుమన్నది పంచశీలాలలో ఐదవది. నిద్రను తొలగించి, మత్తు కలిగించక, మనస్సును తేటగా ఉంచే పానీయం భిక్షువులకు కావలసివచ్చింది. తేయాకులో మెలకువ కలిగించే కెఫీనుతో పాటు థియనీన్ అనే పదార్థం కూడా ఉన్నదని నేటి రసాయనశాస్త్రం చెబుతున్నది. ఆ పేర్లు తెలియక మునుపే ఆ గుణాన్ని భిక్షువులు అనుభవంతో గ్రహించారు.

బోధిధర్ముడు నిద్ర వచ్చినందుకు కోపించి తన కనురెప్పలు కోసి పారవేయగా అవి తేయాకు మొక్కలై మొలిచాయని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన దక్షిణ భారతీయుడన్న పరంపర వలన ఈ కథ మనవారికి ప్రీతికరం. కాని ఇది కథ మాత్రమే. ఆయన కాలానికి ముందే చైనాలో తేయాకు వాడుకలో ఉన్నది. పైగా శరీరాన్ని హింసించుకొనే అతివాదాన్ని తథాగతుడు తొలి బోధనలోనే తిరస్కరించాడు. హేతువును గౌరవించే మనము దీనిని చరిత్రగా చెప్పుకోరాదు.

లూ యు, ఫామెన్ ఆలయం

తేయాకు శాస్త్రానికి ఆదిగ్రంథం ‘చా జింగ్’. దానిని రచించిన లూ యు ఎనిమిదవ శతాబ్దివాడు. తల్లిదండ్రులు లేని పసివాడు. జింగ్‌లింగ్‌లోని లాంగ్‌గై విహారంలో జిజి అనే భిక్షువు అతనిని చేరదీసి పెంచాడు. తన పెంపుడు గురువుకు తేనీరు కాచి ఇస్తూ లూ యు ఆ విద్య నేర్చుకున్నాడని పరంపర. పెరిగిన తరువాత అతడు విహారం విడిచి వెళ్ళినా, కవియైన భిక్షువు జియావోరాన్‌తో అతని మైత్రి చిరకాలం నిలిచింది. మూడు సంపుటాలు, పది అధ్యాయాల ఆ గ్రంథంలో మొక్క, పనిముట్లు, నీరు, కాచే విధానం అన్నీ క్రమంగా ఉన్నాయి. నాటి జనులు ఆకుతో పాటు ఉల్లి, అల్లం, నారింజ తొక్క వంటివి వేసి మరిగించేవారు. లూ యు వాటిని నిరసించి, ఉప్పు ఒక్కదానినే అంగీకరించాడు.

1987లో చైనాలోని షాంషీ రాష్ట్రంలో ఫామెన్ ఆలయ స్తూపం అడుగున ఒక భూగృహం బయటపడింది. బుద్ధుని వేలి ఎముకగా పూజలందుకొన్న ధాతువుతో పాటు, 874లో మూసివేసిన ఆ గదిలో తాంగ్ చక్రవర్తి సమర్పించిన బంగారుపూత వెండి తేనీటి సామగ్రి దొరికింది. ఆకును నూరే రుబ్బుపరికరం, జల్లెడ, ఉప్పుపాత్ర అందులో ఉన్నాయి. భట్టిప్రోలు, అమరావతి స్తూపాల గర్భంలో ధాతువుల వెంట బంగారు పూలు, మణులు ఉంచిన ఆచారం మనకు తెలిసినదే. అక్కడ ఆ గౌరవం తేనీటి పాత్రలకు దక్కింది.

జావోజౌ అనే ధ్యానాచార్యుని గురించిన సంవాదం కూడ ఇక్కడ స్మరణీయం. తొలిసారి వచ్చిన భిక్షువుకూ, అంతకు మునుపు వచ్చిన భిక్షువుకూ, ఆ తేడా లేకపోవడమేమిటని ప్రశ్నించిన విహార నిర్వాహకునికీ ఆయన ఒకే ఆతిథ్యం చూపాడు. ముగ్గురికీ తేనీరే. 1103 నాటి ‘చాన్ యువాన్ చింగ్ గుయ్’ అనే విహార నియమావళిలో తేనీటిని ఎప్పుడు, ఏ మర్యాదతో అందించాలో వివరంగా ఉన్నది.

విడి ఆకు చరిత్ర

లూ యు కాలంలో ఆకును ఆవిరిలో ఉడికించి, దంచి, బిళ్ళలుగా చేసి, కాల్చి పొడి చేసి మరిగించేవారు. సుంగ్ యుగంలో ఆ పొడిని పాత్రలో వేసి వెదురు కుంచెతో గిలకొట్టేవారు. నేడు మనకు పరిచితమైన విడి ఆకు రాజ్యమేలడానికి ఒక రాజశాసనం తోడ్పడింది. రైతు కుటుంబంలో పుట్టి, కొంతకాలం బౌద్ధ విహారంలో ఆశ్రయం పొంది, మింగ్ వంశ స్థాపకుడైన హాంగ్‌వు చక్రవర్తి, ప్రజల శ్రమను హరించే బిళ్ళ తేయాకు కప్పాన్ని 1391లో రద్దు చేసి విడి ఆకునే సమర్పింపుమన్నాడు. ఆకును పాత్రలో వేసి వేడినీరు పోసి నానబెట్టే పద్ధతి ఆ తరువాత సర్వత్రా వ్యాపించింది.

జపానుకు తేయాకును చేర్చినవారూ భిక్షువులే. 815లో సాగా చక్రవర్తికి ఎయిచూ అనే భిక్షువు తేనీరు సమర్పించినట్లు అక్కడి రాజచరిత్రలో ఉన్నది. 1191లో చైనా నుంచి తిరిగివచ్చిన ఐసాయ్ ఆకు సాగును ప్రోత్సహించి, 1211లో ఆరోగ్యానికి తేనీరు చేసే మేలును గురించి ఒక గ్రంథం వ్రాశాడు. పదునారవ శతాబ్దిలో సెన్ నో రిక్యూ తీర్చిదిద్దిన తేనీటి గృహానికి మోకాళ్ళ మీద దూరవలసిన చిన్న ద్వారముండేది. సామంతుడైనా కత్తి బయట విడిచి, తల వంచియే లోపలికి రావాలి. ఆ కట్టడం లోపలనైనా హోదాను కొంతసేపు పక్కన పెట్టించింది.

1654లో చైనా నుంచి జపాను చేరిన ఇంగెన్ అనే ఆచార్యునితో విడి ఆకును నానబెట్టే పద్ధతి అక్కడ బలపడింది. ఆయన సంప్రదాయానికే చెందిన బైసావో (1675–1763) ఆలయ పదవులను కాదని, వృద్ధాప్యంలో క్యోటో వీధుల్లో తేనీరు అమ్ముతూ బ్రతికాడు. ధర ఇంత అని అతడు నిర్ణయించలేదు. ఇచ్చిన వారు ఇచ్చినంత, లేనివారికి ఉచితం. ధనికుల తేనీటి గోష్ఠులు ఖరీదైన పాత్రల ప్రదర్శనగా మారిన కాలంలో అతడు ఈ పని చేశాడు. తన తరువాత తన పనిముట్లు అలంకార వస్తువులు కారాదని 1755లో వాటిని తగులబెట్టాడు.

హిమాలయాల ఇవతల

టిబెట్, లదాఖ్ విహారాలలో అచ్చు కట్టిన ఆకును చాలసేపు మరిగించి, వెన్న, ఉప్పు చేర్చి పొడవాటి కొయ్య గొట్టంలో చిలుకుతారు. పంటలు కొద్దిగా పండే ఆ చలి సీమలో అది పానీయమే గాక ఆహారం కూడాను. సింహళంలో భిక్షువులకు సాయంకాలం సమర్పించే పానీయాన్ని గిలన్‌పస అంటారు. అందులో తేనీరు ఉంటే పాలు కలపరు. పాలు ఆహారం కింద లెక్క.

అస్సాం ఎగువన సింగ్‌ఫో జనులు తేయాకును పూర్వం నుంచీ వాడేవారు. నేడు వారిలో అధికులు థేరవాద బౌద్ధులు. ఆకును వేయించి, ఎండబెట్టి, వెదురు బొంగులో కూరి, పొగ పట్టించి నిలువ చేయడం వారి విధానం. 1823లో రాబర్ట్ బ్రూస్ తేయాకును కనుగొన్నాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అతడు చూచినది అప్పటికే ఒక ప్రజ పెంచి తాగుతున్న ఆకును.

చెమట, నెత్తురు

1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ తేయాకు కమిటీని నియమించాడు. 1839లో అస్సాం ఆకు లండన్ వేలంలో అమ్ముడుపోయింది. తరువాత డార్జిలింగు, నీలగిరులు, 1867 నుంచి సింహళంలో లూలకందుర తోటలు వెలిశాయి. భూమి దొరలకు సులభంగా దొరికింది. పనివారు మాత్రం దొరకలేదు. ఛోటానాగపూర్, ఒడిశా, మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం మన్యాల నుంచి ఆదివాసులనూ బీదలనూ ఒప్పందపు కూలీలుగా అస్సాంకు తరలించారు. 1865 నాటి చట్టం పారిపోయిన కూలీని వారంటు లేకుండానే పట్టుకొనే అధికారాన్ని తోట యజమానికిచ్చింది. 1908 దాకా ఆ అధికారం సాగింది. 1921లో చర్‌గోలా లోయ నుంచి వేల కూలీలు తోటలు విడిచి కాలినడకన బయలుదేరినప్పుడు చాంద్‌పూర్ వద్ద గూర్ఖా సైనికులు వారిపై దాడి చేశారు.

సింహళపు కొండలకు తమిళదేశం నుంచి వెళ్ళిన కూలీలలో పెద్ద భాగం అస్పృశ్యులుగా ముద్రపడినవారు. 1898లో పండిత అయోతీదాస్ కల్నల్ ఆల్కాట్‌తో కలిసి ఆ దీవికే వెళ్ళి బౌద్ధదీక్ష స్వీకరించి, మద్రాసులో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించాడు. ఆయన విముక్తిని వెదకుతూ చేరిన నేల మీదనే ఆయన జనులు తోటల వరుసగదులలో బందీలుగా ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటి పౌరసత్వ చట్టం ఆ తోట శ్రామికులలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా చేసింది. 1964 నాటి శాస్త్రి–సిరిమావో ఒప్పందం 5,25,000 మందిని భారతదేశానికి, 3,00,000 మందిని సింహళానికి పంచింది. మిగిలినవారి చిక్కు 2003 దాకా తీరలేదు. బౌద్ధులు అధికంగా ఉన్న దేశంలో ఇది జరిగిందన్న సత్యాన్ని బౌద్ధులమైన మనము దాచరాదు. బుద్ధుని పేరు చెప్పుకొన్నంత మాత్రాన ఏ రాజ్యమూ కరుణామయం కాదు.

డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో శ్రామిక సభ్యునిగా ఉన్న కాలంలో, 1944లో, శ్రామిక స్థితిగతుల పరిశోధనా సంఘం ఏర్పడింది. తోటల శ్రామికులపై డి.వి. రేగే నివేదిక 1946లో వెలువడింది. 1951లో తోట శ్రామికుల చట్టం వచ్చి నివాసం, వైద్యం, శిశుపోషణ యజమాని బాధ్యతగా నిర్ణయించింది. చట్టం వచ్చింది గాని దాని అమలు కొరకు పోరాటం సాగించవలసివచ్చింది.

రెండు గ్లాసులు

దేశంలో తేయాకు వాడకాన్ని పెంచడానికి వర్తకులు ఇరవయ్యో శతాబ్దిలో గట్టి ప్రచారం చేశారు. 1930ల నుంచి యంత్రాలతో నుజ్జుచేసి గుండ్రని పొడిగా మార్చే సి.టి.సి. పద్ధతి వచ్చి, తక్కువ ఆకుతో చిక్కని డికాక్షను దిగసాగింది. పాలు, చక్కెర చేరి తేనీరు పల్లె పల్లెకూ పాకింది. దానితో పాటు కులం కూడ హోటలులోకి ప్రవేశించింది. తెలుగు పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతి ఎట్టిదో మన పాఠకులకు వివరించనక్కరలేదు. ఇతరులకు లోపల బల్లపై కడిగిన గ్లాసు. మనవారికి బయట చూరుకింద వేరు గ్లాసు, తాగినవాడే కడిగి పెట్టాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళ ప్రవేశంలో వివక్షను నిషేధించింది. అయినా ఆ రెండవ గ్లాసును తొలగించడానికి మన పెద్దలు దెబ్బలు తిన్నారు, వెలివేతలు భరించారు. వాడి పారవేసే కాగితపు కప్పు వచ్చిన తరువాత కొన్నిచోట్ల ఆ భేదం కంటికి కనబడకుండా పోయింది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

కాచే విధానం

విడి ఆకును కాచడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మూత ఉన్న పాత్ర, వడపోసే జాలి, మంచినీరు చాలు. గ్లాసెడు, అనగా సుమారు 150 మిల్లీలీటర్ల నీటికి రెండు గ్రాముల ఆకు వేయాలి. చుట్టిన ఆకైతే అది ఇంచుమించు ఒక చిన్న చెంచా; ఉబ్బిన తెల్ల తేయాకైతే రెండు చెంచాలు. ఆకు విచ్చుకోవడానికి పాత్రలో చోటుండాలి.

నీటి వేడి ముఖ్యం. లూ యు మూడు దశలు చెప్పాడు: మొదట చేపకళ్ళ వంటి బుడగలు, తరువాత అంచుల వెంట ముత్యాల పేరు వలె లేచే బుడగలు, చివర అలల వలె పొర్లడం. ఉష్ణమాపకం లేని ఇంట ఈ లెక్క నేటికీ పనికివస్తుంది. పచ్చ తేయాకుకు 70–80 డిగ్రీల సెల్సియస్ చాలు. మరిగిన నీటిని కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి పోసి, రెండు మూడు నిమిషాలలో వడపోయాలి. సలసల కాగే నీరు పోస్తే చేదు, వగరు దిగుతాయి. పచ్చ తేయాకు బాగుండదని మనవారు అనుకోవడానికి ముఖ్య కారణం ఇదే. తెల్ల తేయాకుకు 80 డిగ్రీల పరిసరాల్లో నీరు, నాలుగైదు నిమిషాలు. ఊలాంగుకు 85–95 డిగ్రీలు, మూడు నిమిషాలు. అదే ఆకును మూడు నాలుగు మార్లు వాడవచ్చు. అస్సాం, నీలగిరి నల్ల తేయాకుకు అప్పుడే మరిగిన నీరు, మూడు నుంచి ఐదు నిమిషాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే డార్జిలింగు తొలి కోతకు వేడి కొంత తగ్గించి, మూడు నిమిషాలకు మించనీయరాదు. పుఎర్‌ను ఒకసారి మరిగే నీటితో కడిగి పారబోసి, మళ్ళీ మరిగే నీరే పోయాలి.

సమయం కాగానే ఆకును నీటి నుంచి పూర్తిగా వేరు చేయాలి. చిక్కదనం కావాలంటే ఆకు పెంచాలే గాని సమయం పెంచరాదు. పాలు చేర్చదలచినవారికి అస్సాం ఆకు తగినది; తెల్ల, పచ్చ రకాలకు పాలు పనికిరావు. నిలువకు గాలి, వెలుగు, తేమ, ఘాటు వాసన చొరని డబ్బా కావాలి. మసాలాల పక్కన పెట్టిన ఆకు రెండు వారాల్లో ఆ వాసన పట్టుకొంటుంది.

మన విహారాలకు ఒక సూచన

నీరు మరగడానికి పట్టే కొద్ది నిమిషాలు ఆనాపానసతికి సరిపోతాయి. వందన తరువాత పాలు కలపని తేనీరు అందిస్తే సాయంకాల నియమం పాటించే భిక్షువులతో సహా అందరూ కలిసి తాగవచ్చు. పాత్రలన్నీ ఒకే తీరువై ఉండాలి. అధ్యక్షునికి పింగాణి, కార్యకర్తకు కాగితపు కప్పు అనే భేదం మన ప్రాంగణంలో ఉండరాదు. తాగిన తరువాత అందరి పాత్రలనూ వంతుల వారీగా కడగాలి. ఆ వంతులో పెద్దలూ ఉండాలి. ఆకు కొనేటప్పుడు అది ఏ తోటదో, కోసినవారికి చట్టప్రకారం కూలి అందుతున్నదో విచారించాలి. అష్టాంగ మార్గంలోని సమ్యక్ ఆజీవం అమ్మేవానికే గాక కొనేవానికి కూడ వర్తిస్తుంది. దమ్మదీక్షా దినమైన అక్టోబరు 14న మన సంఘాలు ఈ పద్ధతిని ప్రారంభించి, ఊరి హోటలు యజమానిని కూడ ఆహ్వానించి, అదే వరుసలో కూర్చుండబెట్టి, అదే పాత్రలో తేనీరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.